చేబదులు సారథి

మన ఇళ్ళల్లో చేబదులు అనే మాట వినపడని నెల ఉండదు. పక్కింటావిడ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. "వదినా, చుట్టాలొచ్చినారు, ఒక గ్లాసు చక్కెర ఇస్తావా, రేపు అంగడికి పోయొచ్చి ఇచ్చేస్తా" అంటుంది. కాగితం లేదు, వడ్డీ లేదు, సాక్షులు లేరు. ఇచ్చేది చెయ్యి, పుచ్చుకునేది చెయ్యి. అందుకే అది చేబదులు.

బదులు అన్న మాట చిత్రమైంది. అడిగినదానికి చెప్పే జవాబూ బదులే, అవసరానికి తెచ్చుకునే అప్పూ బదులే, ఒకరి చోట ఇంకొకరు నిలబడటమూ బదులే. ఈ మూడు అర్థాలూ ఒకే మనిషి నెత్తిన పడితే ఎలా ఉంటుందో ఆమధ్య ఒక ప్రయాణంలో ఆలోచించే అవకాశం వచ్చింది.

మా పుట్టిల్లు హిందూపురం. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పట్టుచీరలు కొనాలని అక్కణ్ణుంచి ధర్మవరం బయల్దేరాం. మామూలుగా కారు నడిపే కుర్రవాడి భార్యకు ముందురోజు రాత్రి నొప్పులొచ్చాయి. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. ముహూర్తం మన కోసం ఆగదు కదా! మా అన్నయ్య వీధి చివర కిరాణా కొట్టు దగ్గరికి వెళ్ళి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఒకప్పుడు బెంగుళూరు రోడ్డు మీద లారీలు నడిపినవాడేనట. కొడుకు కొట్టు పెట్టాక స్టీరింగు వదిలి తక్కెడ పట్టుకున్నాడు. అలా ఎనిమిదేళ్ళు.

"అన్నా, అలవాటు తప్పిందేమో?" అన్నాను, వెనక సీట్లో మా అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకోవడంతో.

"బండి కొత్తదేమ్మా, చెయ్యే పాతబడిండాది. ఏం భయం ల్యా" అన్నాడాయన నవ్వుతూ.

ఆ మాట అన్న పది నిమిషాలకే ఊరి పొలిమేరలో బండి రెండుసార్లు ఆగిపోయింది. గేరు మార్చినప్పుడల్లా మేం ముగ్గురం దేవుడికి దణ్ణం పెట్టినట్టు ముందుకు వంగి లేచేవాళ్ళం. వెనక లారీవాడు హారన్ మోగించాడు. పెద్దాయన చెవులు ఎర్రబడటం నాకు వెనక నుంచి కనిపిస్తూనే ఉంది.

ముందు సీట్లో కూచున్న మా అక్క కొడుకు నవ్వాపుకోలేక, "పిన్నీ, మనకు లూకా బడోయెర్ దొరికాడు" అన్నాడు. వాడికి కార్ల పందేలంటే పిచ్చి. నాకు కార్ల గురించి తెలిసిందల్లా ఎక్కడం, దిగడం. "ఎవరా బడోయెర్?" అని అడిగాను. వాడు చెప్పిన కథ పెనుకొండ దాకా సాగింది. ఇంటికొచ్చాక నేను చదువుకున్నది ఇంకొంత ఉంది. రెండూ కలిపి చెబుతాను.

లూకా బడోయెర్ ఇటలీ దేశస్థుడు. 1971లో వెనిస్‌కు ఎంతో దూరం లేని మోంటెబెల్లూనాలో పుట్టాడు. 1992లో ఫార్ములా 3000 అనే పోటీలో ఛాంపియన్ అయ్యాడు. ఫార్ములా వన్‌కు అది కింది మెట్టు. అక్కడ గెలిచినవాణ్ణి రేపటి మొనగాడని అందరూ అనుకుంటారు. మరుసటి ఏడు పై మెట్టు ఎక్కాడు కూడా. కాని దొరికినవన్నీ బీద జట్లు. మంచి చెయ్యి, బక్క గుర్రం. ఆ రోజుల్లో మొదటి ఆరుగురికే పాయింట్లు. ఈయన ఒకసారి ఏడో స్థానం దాకా వచ్చి ఆగిపోయాడు.

తరవాత ఫెరారీవాళ్ళు పిలిచారు, పందేలకు కాదు, పరీక్షలకు. కొత్త టైరు వచ్చినా, కొత్త రెక్క బిగించినా దాన్ని ఖాళీ ట్రాక్ మీద గంటల తరబడి తిప్పి, ఎక్కడ జారుతోందో, ఎక్కడ వణుకుతోందో ఇంజనీర్లకు చెప్పే ఉద్యోగం. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నిలబడి ప్రతి వంటకమూ ఉప్పు చూసే పెద్దావిడ ఉంటుందే, అలాంటి పని. విస్తరి ముందు కూచునే భాగ్యం మాత్రం ఇంకొకరిది. 2000 నుంచి 2004 దాకా మైకేల్ షుమాకర్ వరసగా ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ కార్ల వెనక బడోయెర్ తిప్పిన చుట్లు ఎన్నో ఉన్నాయి. ఛాయాచిత్రాల్లో అవి కనపడవు.

అంతకుముందు 1999లో ఒక మాట జరిగింది. జులైలో షుమాకర్ సిల్వర్‌స్టోన్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. సీటు ఖాళీ అయింది. ఇంట్లో మనిషి బడోయెర్ ఉండగానే ఫెరారీవాళ్ళు బయటినుంచి మికా సాలో అనే ఫిన్లాండు వాణ్ణి తెచ్చుకున్నారు. ఆ ఏడు బడోయెర్ మినార్డి అనే చిన్న జట్టుకు నడుపుతున్నాడు. సెప్టెంబరులో నూర్‌బర్గ్‌రింగ్‌లో వానా ఎండా దోబూచులాడిన పందెంలో పెద్దపెద్దవాళ్ళు జారిపోయారు. ఈయన ఆ బక్క కారుతోనే నాలుగో స్థానంలోకి వచ్చాడు. ఇంక పదమూడు చుట్లు. అంతలో గేర్ల పెట్టె విరిగింది. కారు దిగి, దాని పక్కనే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. అదే జట్టులో ఇంకో కారు ఆరో స్థానంలో వచ్చి ఒక పాయింటు తెచ్చుకుంది. ఆ ఏడాది అక్టోబరుతో బడోయెర్ పందేలు ఆగిపోయాయి.

మళ్ళీ పిలుపు రావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది.

2009 జులై 25న హంగరీలో, ముందు వెళ్తున్న కారులోంచి ఊడిన ఒక స్ప్రింగు ఫెరారీ డ్రైవరు ఫెలిపె మాసా శిరస్త్రాణానికి తగిలింది. దాని బరువు ఇంచుమించు ఎనిమిది వందల గ్రాములు. మన లెక్కలో కిలోకి తక్కువ, ముప్పావుకి ఎక్కువ. కాని ఆ వేగంలో తుపాకీగుండుతో సమానం. ఎడమ కంటి పైన ఎముక చిట్లింది. ప్రాణం దక్కడమే గొప్ప. సీటు మళ్ళీ ఖాళీ. రిటైరయిన షుమాకరే వస్తానన్నాడు. లోకమంతా పండగ చేసుకుంది. మోటారు సైకిలు మీంచి పడ్డప్పటి మెడ నొప్పి తిరగబెట్టి ఆయన కూడా కాదన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు బడోయెర్. వయసు ముప్ఫై ఎనిమిది.

మీకో సందేహం రావచ్చు. ఇన్నేళ్ళుగా రోజూ ఆ కార్లే నడుపుతున్నవాడికి అలవాటు తప్పడమేమిటి? నాకూ వచ్చింది. అసలు మెలిక అక్కడే ఉంది. ఖర్చు తగ్గించాలని సరిగ్గా ఆ ఏడే, 2009లో, పందేల కాలంలో పరీక్షలు నిషేధించారు. అంటే పరీక్షల డ్రైవరుకు పరీక్షలే లేవు. ఆ ఏటి కారును కుదురుగా నడిపి చూసే అవకాశమే ఆయనకు రాలేదు. కొత్తగా వచ్చేవాడికి ఒక్క రోజు సాధన ఇవ్వమని షుమాకర్ కోసమే అడిగితే కొన్ని జట్లు ఒప్పుకోలేదు. బడోయెర్‌కు ఎవరిస్తారు? పైగా మొదటి పందెం స్పెయిన్‌లోని వలెన్సియాలో, రేవు ఒడ్డున వీధుల్లో. అక్కడ ఫార్ములా వన్ మొదలైందే 2008లో. ఆయన ఎప్పుడూ చక్రం మోపని దారి.

ఇంకో సంగతి. ఖాళీ ట్రాక్ మీద ఒంటరిగా తిరగడం వేరు, పందొమ్మిది మంది మధ్య దూరడం వేరు. మలుపుల్లో తల బరువు నాలుగైదింతలై మెడను పక్కకి లాగేస్తుంది. ఆ లాగుడు మధ్యే స్టీరింగు మీద మీటలు మార్చాలి, అద్దంలో వెనకవాణ్ణి చూడాలి, చెవిలో ఇంజనీరు మాట వినాలి. ఇంట్లో నలుగురికి వండే చెయ్యే నాలుగు వందల మంది పంక్తిలో వడ్డించాలంటే తడబడదూ?

తడబడింది. సాధన రోజు శుక్రవారం నాడే, కార్లు టైర్లు మార్చుకోడానికి ఆగే సందులో ఉండవలసిన వేగం కన్నా ఎక్కువ పోయి నాలుగుసార్లు జరిమానా కట్టించుకున్నాడు. అర్హత పరుగులో ఇరవై మందిలో ఇరవయ్యోవాడు. ఆగస్టు 23న పందెంలో ఒక కుర్రవాడికి దారి ఇవ్వబోయి తెల్లగీత దాటి ఇంకో శిక్ష. చివరికి 17వ స్థానం. వారం తిరక్కుండా బెల్జియంలోని స్పాలో రెండో పందెం. మళ్ళీ అందరి వెనకా బయల్దేరి, ముగించినవాళ్ళందరి వెనకా 14వ వాడుగా వచ్చాడు. అదే రోజు, అదే రంగు కారులో, ఆయన జట్టులోని కిమి రైకోనెన్ మొదటివాడుగా వచ్చాడు. పోలిక ఎంత పదునుగా ఉంటుందో చూడండి!

పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? ఆయన పేరునే ఇంగ్లీషులో విరిచి, నువ్వెంత అధ్వాన్నమో చూసుకో అనే అర్థం వచ్చేటట్టు ఒక వెక్కిరింత కట్టారు. రెండు పందేలతో ఫెరారీవాళ్ళు చాలన్నారు. స్పాలో రెండో స్థానం తెచ్చుకున్న జాంకార్లో ఫిసికెల్లాను తీసుకున్నారు. ఆయన అప్పటిదాకా నడిపింది మన దేశపు పేరు పెట్టుకున్న ఫోర్స్ ఇండియా కారు. మరి ఆ ఫిసికెల్లా ఏం చేశాడు? పందేలు మానకుండా నడుపుతున్నవాడే, అంతకుముందు పందెంలోనే రెండో స్థానంలో వచ్చినవాడే, ఫెరారీలో ఐదు పందేలు నడిపి ఒక్క పాయింటూ తేలేకపోయాడు. అంటే కారు కొరకరాని కొయ్యేనన్నమాట. ఆ సంగతి తేలేసరికి బడోయెర్‌ను నవ్వినవాళ్ళు ఇంకో నవ్వు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నవ్వును ఎవరూ వెనక్కి తీసుకోరు. అది చేబదులు కాదు కదా!

మా వాడు ఈ కథ ముగించేసరికి పెనుకొండ గుట్ట కనిపించింది. అక్కడికి దగ్గర్లోనే ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019లో అక్కడ కార్లు తయారవడం మొదలైంది. మొదట్లో దాని సత్తా ఏటా మూడు లక్షల కార్లు. మా చిన్నప్పుడు ఈ దారిలో వేరుశనగ చేలూ, వానకోసం ఆకాశం చూసే మనుషులూ తప్ప ఇంకేం ఉండేవి కావు. కార్ల ఊరైంది కాబట్టి కాబోలు, కుర్రకారు నోట కార్ల కబుర్లే.

"మనవాళ్ళెవరూ లేరట్రా ఇలా?" అని అడిగాను. ఉన్నారన్నాడు. నారాయణ్ కార్తికేయన్. విజయనగర కాలంలోనూ ఆ తరవాతా దక్షిణానికి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన కోయంబత్తూరే ఆయన ఊరు. తండ్రి కారు ర్యాలీల్లో పేరుమోసినవాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ జట్టు తరఫున దిగి, ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడు అమెరికాలో టైర్ల భయంతో పద్నాలుగు కార్లు తప్పుకోగా మిగిలిన ఆరింటిలో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. తరవాత ఆయనా పరీక్షల డ్రైవరే అయ్యాడు, విలియమ్స్ జట్టులో. ఇతర పందేలు నడిపాడు కాని ఫార్ములా వన్ సీటు మళ్ళీ దొరికింది 2011లో, హెచ్.ఆర్.టి. అనే బీద జట్టులో. మొదటి పందెంలోనే ఆ జట్టు కార్లు రెండూ వేగం చాలక అర్హతే పొందలేదు. ఎనిమిది పందేలయ్యాక ఆయన్ను పక్కన కూచోబెట్టి డానియల్ రికియార్డో అనే కుర్రవాణ్ణి ఎక్కించారు.

అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో మన దేశపు మొదటి గ్రాండ్ ప్రి. ఆ ఒక్క పందానికి ఇంకో డ్రైవరు బదులు నారాయణ్‌ను మళ్ళీ కూచోబెట్టారు. స్వంత గడ్డ మీద, చేబదులు సీటులో. 17వ స్థానంలో వచ్చాడు. పైకి చూస్తే వలెన్సియాలో బడోయెర్‌కు వచ్చిన అంకే. కాని ఈయన వెనక 18వ వాడుగా వచ్చింది తన సీటు తీసుకున్న ఆ రికియార్డోనే! అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. ఎవడు ఎన్నోవాడు అని చూడ్డంతో లెక్క తెమలదు. ఏ బండితో, ఎన్నాళ్ళకు, ఎవరి బదులు అన్నది కూడా చూడాలి.

పెనుకొండలో కాఫీకి ఆగాం. పెద్దాయన రేడియేటరు చూసే నెపంతో బండి దగ్గరే ఉండిపోయాడు. నేను కోట వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తట్టింది, ఈ ఊరు కూడా ఒక చేబదులు సారథే కదా అని.

విజయనగర రాజులకు పెనుకొండ మొదటినుంచీ ముఖ్యమైన కోటే. రాజకుమారులు ఇక్కడ ఉండి పాలన నేర్చుకున్నారు. గగన్ మహల్ ఇప్పటికీ ఉంది. కాని రాజధాని అంటే హంపీయే. పెనుకొండది రెండో వరస. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం జరిగింది. రాజ్యమేలుతున్నది పేరుకు సదాశివరాయలు, నిజానికి అళియ రామరాయలు. డెబ్భై దాటిన ఆ ముసలాయన యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కి హతమయ్యాడు. తమ్ముడు తిరుమలరాయలు దొరికిన ధనం ఏనుగుల మీద వేసుకుని, సదాశివరాయల్ని వెంటబెట్టుకుని దక్షిణానికి వచ్చేశాడు.

తిరుమలరాయలు ఊరికే ఉండలేదు. మళ్ళీ హంపీకి వెళ్ళి పాత నగరాన్ని నిలబెట్టాలని చూశాడు. వెనిస్ వ్యాపారి చేసరె ఫెదెరిచి 1567లో అక్కడికి వచ్చి ఏడు నెలలున్నాడు. ఇళ్ళు నిలబడే ఉన్నాయి, మనుషులు లేరు, పులులు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారు అన్న అర్థంలో రాసిపెట్టాడు. ఎంత ప్రయత్నించినా ఆ నగరం మళ్ళీ ఊపిరి పోసుకోలేదు. కొలువు పెనుకొండకు మారింది. నిన్నటిదాకా రెండో వరసలో కూచున్న ఊరు ఒక్కసారిగా సామ్రాజ్యం పగ్గాలు పట్టుకుంది.

హంపీని చూసిన కళ్ళతో పెనుకొండను చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారు? ఇదేం రాజధాని, ఆ అంగడి వీధులేవి, ఆ వైభవమేది అని పెదవి విరిచే ఉంటారు. కాని ఈ గుట్ట తన పని తాను చేసింది. 1577 ప్రాంతాల్లో బీజాపూరు సేనలు వచ్చి ముట్టడించినా లొంగలేదు. 16వ శతాబ్దం చివర్లో వెంకటపతిరాయలు చంద్రగిరికి కొలువు మార్చేదాకా పగ్గాలు జారనివ్వలేదు. గెలిపించిందని పెనుకొండ గురించి ఎవరూ పాడలేదు. బండి బోల్తా పడకుండా ఆపిందన్నది మాత్రం నిజం. పడబోయే బండిని ఆపినవాళ్ళకు పతకాలు ఇచ్చే ఆచారం ఎక్కడా లేదు మరి.

మన పురాణాల్లో ఇలాంటి సారథులు ఇద్దరున్నారు. ఒకరు బృహన్నల. ఉత్తరకుమారుడి సారథి అంతకుముందు యుద్ధంలో పోయాడు. మంచి సారథి ఉంటే కౌరవుల్ని ఒంటిచేత్తో గెలుద్దునని అంతఃపుర స్త్రీల ముందు అతగాడు బీరాలు పలికితే, నాట్యం నేర్పే బృహన్నలను బదులుగా రథమెక్కించారు. కవచం తొడుక్కోవడం రానట్టు తిరగేసి పెట్టుకుంటే ఆడపిల్లలంతా పకపకా నవ్వారు. మా అనంతపురం సీమలో వాన రాకపోతే విరాటపర్వం చదివించేవాళ్ళు. చిన్నప్పుడు ఆ ఘట్టం రాగానే మేమూ అలాగే నవ్వేవాళ్ళం. తరవాత జమ్మిచెట్టు మీంచి గాండీవం దించి నారి మోగించేసరికి ఏడాది పాటు దాచిన వీరుడు క్షణంలో బయటపడ్డాడు.

రెండోవాడు బాహుకుడు. రూపం చెడిన నలమహారాజు. ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు చూసుకుంటూ గడిపాడు. దమయంతి స్వయంవరం కబురు రాగానే ఒక్క పగట్లో అయోధ్య నుంచి విదర్భకు రథం తోలాడు. రాజుగారి ఉత్తరీయం జారిపడి, ఆపు అనేలోగా రథం ఆమడ దూరం దాటిపోయిందట.

పురాణంలో అర్జునుడు నవ్వించడానికి తడబడ్డాడు. బడోయెర్ నిజంగానే తడబడ్డాడు. చూసేవాళ్ళ నవ్వు మాత్రం రెండుచోట్లా ఒకటే. ఇక బాహుకుడి రహస్యం ఏమిటంటే, అతను గుర్రాల మధ్య నుంచి కదల్లేదు. పేరు పోయింది, రూపం పోయింది, కాని పగ్గం చేతిలోనే ఉంది. బడోయెర్ కూడా బాహుకుడిలాగే లాయంలో పని చేసుకుంటూ ఉన్నవాడే. ఆఖరి ఏడు ఆ లాయానికి తాళం వేశారు. వేసినవాళ్ళే స్వయంవరానికి రథం కట్టమన్నారు.

ఇంత సానుభూతి నాకెందుకంటే, నేనూ ఒకప్పుడు చేబదులు సీటులో కూచున్నదాన్ని. బి.ఏ. చదివి, పెళ్ళికి ముందు రెండేళ్ళు పాఠాలు చెప్పి, తరవాత పిల్లల పెంపకంలో పదేళ్ళు బడి మొహం చూడలేదు. ముప్ఫై నాలుగో ఏట ఒక స్కూల్లో లీవు వేకెన్సీ వచ్చింది. ఒక టీచరమ్మ పురిటికి వెళ్తే ఆమె బదులు మూడు నెలలు. ఎంత సంబరంగా వెళ్ళాననుకున్నారు! మొదటిరోజే సుద్దముక్క పుటుక్కున విరిగింది. పానిపట్టు యుద్ధాలు మూడింటికీ సంవత్సరాలు కలగాపులగం చేశాను. బోర్డు మీద రాసిన వరస కుడిపక్కకు దిగజారి వాగులా పోయింది. వెనక బెంచీ ఆడపిల్లలు నవ్వారు. ఒక సహోద్యోగిని మాత్రం, "పాపం, ఇంట్లో ఉండి ఉండి..." అని సగంలో ఆపింది. నవ్వుకన్నా ఆ పాపం నన్ను ఎక్కువ గుచ్చింది.

రెండో నెల మధ్యలో చెయ్యి తిరిగింది. మూడో నెలలో ఆ వెనక బెంచీవాళ్ళే గంట కొట్టినా లేవలేదు. అంతలో టీచరమ్మ పాపతో తిరిగొచ్చింది. హాజరుపట్టీ అప్పగించి వచ్చేశాను. నాకు మూడు నెలలు దొరికాయి కాబట్టి చెయ్యి తిరిగిందని నాకైనా తెలిసింది. బడోయెర్‌కు దొరికింది రెండు ఆదివారాలు. రెండో వారానికే ఇంటికి పంపేసి ఉంటే, నాకు పాఠం చెప్పడం రాదనే నేనూ నమ్మి ఉండేదాన్ని, ఆ తరవాత కలం పట్టే ధైర్యం కూడా చేసి ఉండేదాన్ని కాదు.

ధర్మవరంలో చీరలు చూపిస్తూ ఒక నేతగాడు ఇదే మాట ఇంకో రకంగా చెప్పాడు. జ్వరమొచ్చి పది రోజులు మగ్గం దిగితే, మళ్ళీ కూచున్నాక మొదటి జానెడు నేత తనకే నచ్చదట. దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పడుతుందట. "మరి ఆ జానెడు ఏం చేస్తావు?" అని అడిగాను. "ఏం చేస్తామమ్మా, కుచ్చిళ్ళలో లోపలికి పోయే పక్కకు వచ్చేటట్టు చూసుకుంటాం. చెయ్యి కుదిరినాక పైట నేస్తాం" అన్నాడు. నాకు ఎంత నచ్చిందో ఆ మాట! తిరిగొచ్చిన చేతికి ముందు కుచ్చిళ్ళు ఇవ్వాలి. ఎకాఎకి పైట నెయ్యమని, నెయ్యలేకపోతే నవ్వుతామని కూచుంటే ఎలా?

మాసా కోలుకుని 2010 మార్చిలో మొదటి పందెంలోనే రెండో స్థానం తెచ్చుకున్నాడు. తన సీటు తనకు భద్రంగా దక్కింది. ఆ ఏడాది చివర బడోయెర్ ఫెరారీ దగ్గర సెలవు తీసుకున్నాడు. సుమారు యాభై పందేలు నడిపి ఒక్క పాయింటు కూడా రానివాడన్న రికార్డు ఆయన పేరు మీద మిగిలింది. పరీక్షల్లో తిప్పిన చుట్లకు పాయింట్లు వేసే పుస్తకమంటూ ఉంటే మొదటి పేజీ ఎవరిదో వేరే చెప్పాలా?

చీకటి పడ్డాక ధర్మవరం నుంచి తిరుగు ప్రయాణం. ఒళ్ళో చీరల మూటతో మా అక్క నిద్రపోయింది. గేరు ఎప్పుడు మారుతోందో తెలియడం లేదు. ఎదురుగా వచ్చే లారీలకు పెద్దాయన దీపాలు దించి దారి ఇస్తున్నాడు. పెనుకొండ మలుపు దగ్గర ముందు సీట్లోంచి మా వాడు వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. పొద్దున్న నవ్వినందుకు వాడి మొహం కాస్త చిన్నబోయింది.

హిందూపురంలో దిగాక పెద్దాయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఆ పిల్లోనికి ఇచ్చేయమ్మా. ట్యాంకు నిండుగా పోయించినాను, అద్దాలు తుడిచినాను" అన్నాడు. కుర్రవాడికి ఆడపిల్ల పుట్టిందని అప్పుడే ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది.

మా అమ్మ చేబదులు తీర్చేటప్పుడు గ్లాసుడు తెచ్చుకుంటే గోపురంగా పోసి ఇచ్చేది. తలగొట్టి ఇవ్వకూడదే అనేది. తాళంచెవి పట్టుకుని నిలబడితే ఆ గ్లాసే గుర్తొచ్చింది.